ఉత్తమపురుషలో చరిత్ర: అల్బెర్టా ఉక్రేనియన్ వలసగ్రామ ప్రదర్శనశాల – దైనందిన జీవన పునర్నిర్మాణం

వ్యాససంగ్రహం:

19వ శతాబ్ది చివరి దశకంలో ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని గలీషియా, బుకోవినా ప్రాంతాల నుండి ఉక్రేనియన్ రైతులు పెద్దసంఖ్యలో కెనడా పశ్చిమ మైదానాలకు తరలివెళ్ళారు. వారి దైనందిన జీవితాన్ని అల్బెర్టా రాష్ట్రంలోని ‘ఉక్రేనియన్ కల్చరల్ హెరిటేజ్ విలేజ్’ అనే ఆరుబయలు ప్రదర్శనశాల పునర్నిర్మించింది. అసలైన ఇళ్ళను, దుకాణాలను, ప్రార్థనామందిరాలను తరలించి నిలబెట్టడం, ఆ కాలపు మనుషుల పాత్రలు ధరించిన వ్యాఖ్యాతల చేత మాట్లాడించడం ఈ ప్రదర్శనశాల పద్ధతి. ఈ పద్ధతి చరిత్రరచనకు అందించిన ప్రయోజనాలను, దానికి సహజంగా ఉన్న పరిమితులను పరిశీలించడం, తెలుగువారి వలసల చరిత్రను నమోదు చేసేవారికి దీని నుండి గ్రహించదగిన అంశాలను గుర్తించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: వలస, సజీవచరిత్ర, ఆరుబయలు ప్రదర్శనశాల, దైనందిన జీవితం, మౌఖికచరిత్ర, ఉత్తమపురుష కథనం, ఉక్రేనియన్ రైతులు, తెలుగువారి వలసలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘వలస’ అన్న మాటకు అర్థవిస్తృతి ఎక్కువ. బతుకుతెరువు కోసం ఉన్న ఊరు విడిచి వెళ్ళడం వలస. అలా వెళ్ళినవారు కట్టుకొన్న ఊరు కూడా వలసే. ఉత్తరాంధ్రలోని కొత్తవలస, ఆమదాలవలస వంటి ఊరిపేర్లలో ఈ రెండో అర్థం నిలిచి ఉంది. పరాయి నేలను ఆక్రమించి ఏలడాన్ని ‘వలసపాలన’ అంటున్నాం. పొట్ట చేతపట్టుకొని పోయినవాడికీ, సామ్రాజ్యాన్ని విస్తరించినవాడికీ మన భాషలో ఒకే మాట ఉండటం పైకి గందరగోళంగా కనిపించవచ్చు. అయితే కెనడా మైదానాలలో స్థిరపడిన ఉక్రేనియన్ రైతుల చరిత్రను పరిశీలించినప్పుడు ఈ మూడు అర్థాలూ ఒకే జనసమూహానికి ఏకకాలంలో వర్తించడం గమనిస్తాం. వారు పేదరికాన్ని తప్పించుకొని వచ్చినవారు, కొత్త ఊళ్ళు కట్టినవారు, బ్రిటిష్ సామ్రాజ్యం ఆదివాసుల నుండి తీసుకొన్న నేలను పంచుకొన్నవారు కూడా.

రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, ప్రభుత్వాల చరిత్రకు దస్తావేజులున్నాయి. మట్టి అలికిన ఇంట్లో పొయ్యి ఎక్కడ ఉండేది, చలికాలంలో పశువులకు మేత ఎలా దాచేవారు, చదువురాని తల్లి పిల్లలకు ఏ భాషలో లెక్కలు నేర్పింది అనే విషయాలకు మాత్రం అటువంటి ఆధారాలు అరుదు. ఈ లోటును తీర్చడానికి 20వ శతాబ్దంలో చరిత్రకారులు, జానపద విజ్ఞానులు ఎంచుకొన్న మార్గాలలో ఆరుబయలు ప్రదర్శనశాల ఒకటి. అది ఇంటిని, పొలాన్ని, పనిముట్టును, మాటను కలిపి ఒక పాఠంగా కూర్చుతుంది. కనుక సాహిత్య విద్యార్థులు పాఠాన్ని చదివే పద్ధతిలోనే దానినీ చదవవచ్చునన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన.

2. ఆరుబయలు ప్రదర్శనశాల – పుట్టుక, పరిణామం:

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 1891లో ఆర్తూర్ హజేలియస్ స్థాపించిన స్కాన్సెన్ ఆరుబయలు ప్రదర్శనశాలలకు ఆదర్శంగా నిలిచింది. పారిశ్రామికీకరణ వేగంలో పల్లె జీవితం కనుమరుగవుతున్నదన్న ఆందోళన హజేలియస్‌ను ఈ పనికి పురికొల్పింది. దేశం నలుమూలల నుండి ఇళ్ళను విప్పి తెచ్చి, ఒకచోట తిరిగి నిలబెట్టి, వాటిలో ఆయా ప్రాంతాల దుస్తులు ధరించినవారిని నియమించాడు. గాజుపెట్టెలో పెట్టిన వస్తువు దాని వాడుకను చెప్పలేదని, వస్తువును ఇంట్లో, ఇంటిని పెరట్లో, పెరడును నేలమీద చూపించాలని ఆయన భావన.

అమెరికాలో ఈ ఆలోచన మరో మలుపు తీసుకొంది. 1947లో మసాచుసెట్స్‌లో స్థాపించిన ప్లిమత్ ప్లాంటేషన్ (2020 నుండి ప్లిమత్ పటక్సెట్) 17వ శతాబ్దపు ఇంగ్లిష్ వలసగ్రామాన్ని పునర్నిర్మించింది. 1970లలో అక్కడి వ్యాఖ్యాతలు గతాన్ని గురించి చెప్పడం మాని, గతంలోని మనుషులుగా మాట్లాడే పద్ధతిని చేపట్టారు. 1976లో విస్కాన్సిన్‌లోని ఈగిల్ సమీపంలో ప్రారంభమైన ఓల్డ్ వరల్డ్ విస్కాన్సిన్ జర్మన్, నార్వేజియన్, డేనిష్, ఫిన్నిష్ తదితర వలసదారుల వ్యవసాయక్షేత్రాలను వేర్వేరుగా చూపించింది. స్కాన్సెన్ ఒక జాతి తన గతాన్ని తాను చూసుకొనే అద్దం. అమెరికా, కెనడాలలోని వలసగ్రామ ప్రదర్శనశాలలు చూపేది మరొకటి. నేల మారినప్పుడు మనిషి వెంట ఏమి వచ్చింది, ఏమి మారింది, ఏమి మిగిలింది అన్నది వాటి ప్రశ్న. అల్బెర్టాలోని ఉక్రేనియన్ గ్రామం ఈ రెండో కోవకు చెందుతుంది.

3. ఉక్రేనియన్ రైతుల వలస – చారిత్రక నేపథ్యం:

గలీషియాలో 1848లో వెట్టి వ్యవస్థ రద్దయింది. రైతుకు భూమిపై హక్కు దక్కినా, తరం మారినప్పుడల్లా అన్నదమ్ముల పంపకాలతో కమతాలు చిన్నవవుతూ వచ్చాయి. అడవి, పచ్చిక బయళ్ళు భూస్వాముల చేతుల్లోనే మిగిలాయి. వంటచెరకుకూ పశువుల మేతకూ రైతు వారిమీద ఆధారపడవలసి వచ్చింది. పన్నులు, అప్పులు దీనికి తోడయ్యాయి.

కలూష్ ప్రాంతంలోని నెబిలివ్ గ్రామానికి చెందిన ఇవాన్ పిలిపివ్, వసీల్ ఎలెన్యాక్ 1891లో కెనడాకు వెళ్ళి, అక్కడి భూములను స్వయంగా చూశారు. కుటుంబాన్ని తీసుకువెళ్ళడానికి తిరిగివచ్చిన పిలిపివ్, తాను చూసినది ఊరివారికి చెప్పాడు. వలసను ప్రోత్సహిస్తున్నాడన్న ఆరోపణపై అధికారులు అతణ్ణి జైలులో పెట్టారు. అయినా ఆ మాట ఆగలేదు. 1894 నాటికి ఎడ్మంటన్‌కు తూర్పున ఎడ్నా-స్టార్ ప్రాంతంలో తొలి ఉక్రేనియన్ స్థావరం ఏర్పడింది. 1895లో ల్వివ్ నగరానికి చెందిన యోసిఫ్ ఒలెస్కివ్ స్వయంగా కెనడాలో పర్యటించి, రైతులకు అర్థమయ్యే భాషలో చిన్నపుస్తకాలు ప్రచురించాడు. 1896 నుండి 1905 వరకు కెనడా అంతరంగిక వ్యవహారాల మంత్రిగా ఉన్న క్లిఫర్డ్ సిఫ్టన్ తూర్పు యూరపు రైతులను ఆహ్వానించే విధానాన్ని అమలుచేశాడు. 1891, 1914 మధ్య దాదాపు 1,70,000 మంది ఉక్రేనియన్లు కెనడా చేరారని అంచనా.

1872 నాటి డొమినియన్ భూముల చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుముతో 160 ఎకరాలు లభించేవి. మూడేళ్ళపాటు ఏటా ఆరునెలలు అక్కడే నివసించి, ఇల్లు కట్టి, నిర్ణీత విస్తీర్ణం సాగులోకి తెస్తే పట్టా ఇచ్చేవారు. సొంత ఊళ్ళో కొద్దిపాటి ఎకరాలతో బతికిన రైతుకు 160 ఎకరాలన్న అంకె ఎంతటి ఆశ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. ఆ నేల చెట్లతో, పొదలతో నిండి ఉంటుందని, ఏడాదిలో సగభాగం మంచులో ఉంటుందని, పొరుగింటికి పోవాలంటే మైలు నడవాలని ఆ అంకె చెప్పదు. ఆ వివరాలు చెప్పే బాధ్యతను ప్రదర్శనశాల తీసుకొంది.

4. ప్రదర్శనశాల నిర్మాణం – ‘గ్రామం’ అనే భావన:

ఈ ప్రదర్శనశాల ఎడ్మంటన్‌కు తూర్పున దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, ఎల్క్ ఐలాండ్ జాతీయ ఉద్యానవనానికి సమీపంలో ఉంది. 1971లో స్థానిక ఉక్రేనియన్లు సంఘంగా ఏర్పడి దీనికి పునాది వేశారు. 1975లో అల్బెర్టా ప్రభుత్వం దీనిని స్వీకరించింది. పరిసర ప్రాంతాల నుండి తరలించిన 30కి పైగా చారిత్రక కట్టడాలు ఇక్కడ ఉన్నాయి. 1892 నుండి 1930 వరకు తూర్పు మధ్య అల్బెర్టాలోని ఉక్రేనియన్ల జీవితం దీని పరిధి.

ప్రదర్శనశాలను మూడు భాగాలుగా విభజించారు: వ్యవసాయక్షేత్రాలు, గ్రామీణ కూడలి, రైలుమార్గపు పట్టణం. ఈ విభజన వెనుక ఒక చారిత్రక సత్యం ఉంది. గలీషియాలో రైతుల ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలు ఊరిచుట్టూ ఉండేవి. ఇది తెలుగు పాఠకులకు సుపరిచితమైన ఊరి రూపమే. కెనడాలో భూమిని చదరపు మైలు గళ్ళుగా కొలిచి, ఒక్కో గడిని నాలుగు భాగాలు చేసి పంచారు. పట్టా కావాలంటే ఎవరి భాగంలో వారు నివసించాలి. దీనితో ఊరు చెదిరిపోయింది. ఇల్లు పొలంలోకి వెళ్ళింది. గుడి, బడి, దుకాణం, తపాలాకార్యాలయం దారులు కలిసేచోట వెలిశాయి. ధాన్యం కొనే గిడ్డంగి, హోటలు, పోలీసుఠాణా రైలుస్టేషను దగ్గర పెరిగాయి.

కాబట్టి ప్రదర్శనశాల పేరులో ఉన్న ‘విలేజ్’ వలసదారులు నిజంగా నివసించిన ఊరు కాదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు సంవత్సరాలలో కట్టిన కట్టడాలను ఒక నడక దూరంలోకి తెచ్చి కూర్చిన ఊరు అది. దీనిని లోపంగా భావించనవసరం లేదు. ఏ చరిత్రగ్రంథమైనా విడివిడి ఆధారాలను ఒక క్రమంలో పేర్చేదే. అయితే నిజజీవితంలో ఆ రైతుకుటుంబాలను బాధించిన దూరాన్ని, ఏకాంతాన్ని ఈ కూర్పు తగ్గించి చూపుతుంది. సందర్శకుడు పది నిమిషాలలో నడిచే దారి, ఆనాటి రైతుకు ఎడ్లబండిపై ఒక పూట ప్రయాణం. ప్రదర్శనశాలలో ఇళ్ళను చూసినంత శ్రద్ధగా, ఇళ్ళమధ్య లేకుండాపోయిన దూరాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

5. దైనందిన జీవిత చిత్రణ:

5.1 ఇల్లు:

తొలి చలికాలం గడవడానికి వలసదారులు వేసుకొన్న తాత్కాలిక నివాసం ‘బుర్దేయ్’. నేలను తవ్వి, పైన కర్రలు వాల్చి, గడ్డివేళ్ళతో కూడిన మట్టిపెళ్ళలు కప్పిన గుంత ఇది. ఇటువంటి నివాసాలు కాలానికి నిలిచేవి కావు. అందువల్ల ప్రదర్శనశాలలోని బుర్దేయ్‌ను పరిశోధన ఆధారంగా కొత్తగా నిర్మించారు. వీటిపై ఆంద్రీ నహచెవ్‌స్కీ ప్రత్యేక అధ్యయనం చేశాడు.

కొంత నిలదొక్కుకొన్నాక దుంగలతో ఇల్లు కట్టేవారు. గోడలకు మట్టి, గడ్డి, పశువుల పేడ కలిపి మెత్తి, పైన సున్నం కొట్టేవారు. పైకప్పుకు గడ్డి కప్పేవారు. ఇంటిముఖం దక్షిణానికి ఉండేది. పడమటిది ‘మాలా ఖాతా’ (చిన్నగది). అందులో ‘పీచ్’ అనే పెద్ద మట్టిపొయ్యి. వంట, రొట్టె కాల్చడం, ఇంటిని వెచ్చగా ఉంచడం అన్నీ దానితోనే. తూర్పుది ‘వెలికా ఖాతా’ (పెద్దగది). దాని తూర్పుగోడకు దైవచిత్రాలు ఉండేవి. అతిథులకు, పండుగలకు ఆ గది. వాతావరణం, కలప, నేల అన్నీ మారినా ఈ గదుల అమరిక మారలేదని, గలీషియా ఇంటికీ బుకోవినా ఇంటికీ చూరులో, కప్పు వాలులో ఉన్న తేడాలు సైతం కెనడాలో కొనసాగాయని భౌగోళిక శాస్త్రవేత్త జాన్ లేర్ పరిశోధన నిరూపించింది.

పేడతో అలకడం, సున్నం వేయడం, తూర్పుదిక్కుకు పవిత్రతను ఆపాదించడం తెలుగు పాఠకులకు కొత్తవి కావు. మట్టి, పశువు అందుబాటులో ఉన్న రైతుసమాజాలు దాదాపు ఒకే పరిష్కారాలకు చేరుకొన్నాయనడానికి ఇదొక ఉదాహరణ.

5.2 పంట, వంట, స్త్రీల శ్రమ:

పట్టా కోసం ఇల్లు, సాగు చూపాలి. అవి చూపడానికి డబ్బు కావాలి. ఎద్దులకు, నాగలికి, విత్తనానికి కావలసిన డబ్బు కోసం పురుషులు రైలుమార్గాల నిర్మాణానికి, గనులకు, కోతపనులకు నెలల తరబడి వెళ్ళేవారు. ఆ కాలంలో క్షేత్రాన్ని నిలబెట్టింది స్త్రీలే. పొదలు నరకడం, గోడలు అలకడం, కూరగాయల తోట పెంచడం, పాలు పితకడం, పిల్లలను సాకడం వారి పనులు. ప్రభుత్వ దస్త్రాలలో పట్టా సాధారణంగా పురుషుడి పేరున కనిపిస్తుంది. ఆ పట్టాకు కారణమైన పనిలో సగం ఎవరు చేశారో దస్త్రం చెప్పదు.

ప్రదర్శనశాలలోని ఇళ్ళముందు తోటలు ఈ లోటును కొంత పూరిస్తాయి. వెల్లుల్లి, ఉల్లి, క్యాబేజీ, బీట్‌రూట్, బంగాళాదుంప, గసగసాలు, నారకోసం జనుము జాతి మొక్క అక్కడి పంటలు. ‘బోర్ష్’ పులుసు, ‘హొలుబ్సీ’ (క్యాబేజీ ఆకుచుట్టలు), ‘పిరొహీ’ ఆ తోటల నుండి వచ్చిన వంటలే. పాత పంచాంగం ప్రకారం జనవరి 6న జరిపే క్రిస్మస్ ముందురాత్రి విందులో మాంసం లేని 12 వంటకాలు వడ్డించడం ఆచారం. ఉడికించిన గోధుమలు, తేనె, గసగసాలతో చేసే ‘కుత్యా’ వాటిలో మొదటిది. ఇక్కడ వంటను రుచిగా మాత్రమే కాక, ఏడాది పొడవునా సాగిన శ్రమకు ఫలితంగా చూపడం గమనార్హం.

5.3 గుడి, బడి, సమావేశమందిరం:

గలీషియా నుండి వచ్చినవారు ప్రధానంగా గ్రీకు కాథలిక్కులు, బుకోవినా నుండి వచ్చినవారు ఆర్థడాక్సులు. వారివెంట పూజారులు రాలేదు. గ్రీకు కాథలిక్ సంప్రదాయంలో పూజారి వివాహితుడు కావచ్చు. ఉత్తర అమెరికాలోని రోమన్ కాథలిక్ అధికారులు దీనిని అంగీకరించలేదు. ఈ ఖాళీలోకి రష్యన్ ఆర్థడాక్స్ మిషన్ ప్రవేశించింది. స్టార్ గ్రామంలో చర్చి ఎవరిదన్న తగాదా చివరకు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1918లో కెనడా ఉక్రేనియన్ గ్రీకు ఆర్థడాక్స్ చర్చి ప్రత్యేకంగా ఏర్పడింది. ప్రదర్శనశాలలో వేర్వేరు సంప్రదాయాల చర్చిలను నిలబెట్టడం అందువల్ల ఔచిత్యవంతం. వలసదారులందరూ ఒకేమాటపై నిలిచిన సమాజమన్న సులభమైన ఊహను ఆ గోపురాలే ఖండిస్తాయి.

బడి మరొక వివాదస్థలం. అల్బెర్టాలో ఉక్రేనియన్ మాట్లాడే ఉపాధ్యాయులను నియమించుకోవాలని స్థానిక పాఠశాల సంఘాలు చేసిన ప్రయత్నాన్ని 1913లో ప్రభుత్వం అణచివేసింది. మానిటోబా 1916లో ద్విభాషా పాఠశాలలనే రద్దుచేసింది. బడిలో దొరకని భాషకు ‘నరోద్నీ దిమ్’ అనే ప్రజామందిరం ఆశ్రయమిచ్చింది. పత్రికాపఠనం, నాటకాలు, పాటలు, ఉపన్యాసాలు అక్కడ సాగాయి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ గ్రంథాలయోద్యమం నిర్వహించిన పాత్రను ఎరిగిన పాఠకులకు ఈ మందిరాల ప్రాముఖ్యం వేరుగా వివరించనవసరం లేదు.

5.4 అంగడి, రైలు:

1905లో కెనడియన్ నార్తర్న్ రైలుమార్గం వెగ్రెవిల్ మీదుగా ఎడ్మంటన్ చేరింది. దానితో రైతు ధాన్యం ప్రపంచవిపణిలోకి వెళ్ళింది. కొయ్యతో కట్టిన ఎత్తైన ధాన్యపు గిడ్డంగి, గుర్రపుశాల, కమ్మరికొలిమి, హోటలు, రాష్ట్ర పోలీసుఠాణా ప్రదర్శనశాలలోని పట్టణభాగంలో కనిపిస్తాయి. పొలంలో ఉక్రేనియన్ మాట్లాడే రైతు ఇక్కడ ఇంగ్లిష్ మాట్లాడే అధికారిని, వ్యాపారిని ఎదుర్కోవాలి. తూకం, ధర, అప్పు, చట్టం అన్నీ పరాయిభాషలో ఉండేవి. మూడు భాగాలను వరుసగా నడిచిన సందర్శకుడు ఇల్లు నుండి విపణికి, సొంతభాష నుండి అధికారభాషకు సాగిన ప్రయాణాన్ని కూడా అనుసరించినట్లే.

6. ఉత్తమపురుష వ్యాఖ్యానం:

ఈ ప్రదర్శనశాల ప్రత్యేకత దాని కథనపద్ధతిలో ఉంది. వ్యాఖ్యాతలు ఆనాటి దుస్తులు ధరించి, పాత్రలో ఉండి మాట్లాడతారు. ‘వారు ఇలా జీవించేవారు’ అని చెప్పరు. ‘మేము నిరుడు వచ్చాం, ఇంకా పట్టా రాలేదు’ అన్న ధోరణిలో చెబుతారు. ఇంగ్లిష్ వ్యాకరణంలో ‘నేను, మేము’ మొదటి పురుష. మన వ్యాకరణంలో అది ఉత్తమపురుష. ‘వాడు, వారు’ అన్నది మనకు ప్రథమపురుష. కనుక ఈ పద్ధతిని తెలుగులో ‘ఉత్తమపురుష వ్యాఖ్యానం’ అనడం సముచితం. సాధారణ ప్రదర్శనశాలల పద్ధతిని ‘ప్రథమపురుష వ్యాఖ్యానం’ అనాలి. ఇంగ్లిష్ పదాలను యథాతథంగా అనువదిస్తే అర్థం తారుమారవుతుంది.

కథాసాహిత్యంలో ఉత్తమపురుష కథనానికి ఉన్న బలమూ, పరిమితీ ఇక్కడా వర్తిస్తాయి. బలం సన్నిహితత్వం. సందర్శకుడు శ్రోతగా మిగలకుండా పాత్రగా మారతాడు. ఇంటికి వచ్చిన చుట్టంగానో, భూమి వెదుక్కొంటున్న కొత్తవాడిగానో అతణ్ణి పలకరిస్తారు. అడిగిన ప్రశ్ననుబట్టి కథ నడుస్తుంది. పరిమితి జ్ఞానపరిధి. పాత్రకు తన కాలం తర్వాతి సంగతులు తెలియవు. 1920లలో నివసిస్తున్న స్త్రీ పాత్ర, 1932-33లో సోవియట్ ఉక్రెయిన్‌లో సంభవించిన మహాక్షామం గురించి చెప్పలేదు. తన పిల్లలు ఏమయ్యారో చెప్పలేదు. తనకు భూమి ఎలా దక్కిందో చెప్పగలదు కానీ, ఆ భూమి తనకు ఇవ్వగలిగే స్థితికి ప్రభుత్వం ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆమెకు తెలిసే అవకాశం తక్కువ.

ఈ మాటలు కల్పితాలు కావు. కట్టడాల నిర్మాణచరిత్ర, భూమి దస్త్రాలు, ఛాయాచిత్రాలు, ఆ కుటుంబాల వారసులతో జరిపిన సంభాషణలు వీటికి ఆధారాలు. ఓరెస్ట్ మార్తినోవిచ్ 1985లో ప్రచురించిన తూర్పు మధ్య అల్బెర్టా ఉక్రేనియన్ స్థావరాల చరిత్ర ఈ పరిశోధన ఫలితాలలో ముఖ్యమైనది. 1970లలో ఈ పని మొదలైనప్పుడు చిన్నతనంలో ఓడెక్కి వచ్చినవారు, కెనడాలో పుట్టిన తొలితరంవారు ఇంకా జీవించి ఉన్నారు. పొయ్యి కట్టిన చేతులు, ఆ పొయ్యి కట్టే విధానాన్ని స్వయంగా చెప్పగలిగాయి. మరో ఇరవై ఏళ్ళు ఆలస్యమైతే కట్టడాలు కొన్ని మిగిలేవేమో కానీ, వాటిలో మాట మిగిలేది కాదు.

7. పద్ధతికి అందని అంశాలు:

7.1 భూమి:

పత్రాలలో ‘ఖాళీభూమి’గా పేర్కొన్న నేల నిజానికి ఖాళీగా లేదు. క్రీ తదితర ఆదివాసీ జాతులతో బ్రిటిష్ రాణి పేరున 1876లో జరిగిన 6వ ఒడంబడిక పరిధిలోని ప్రాంతమిది. ఆదివాసులను రిజర్వులకు పరిమితం చేసిన తర్వాతే భూమిని గళ్ళుగా కొలిచి పంచడం సాధ్యమైంది. ఉక్రేనియన్ రైతు ఈ విధానాన్ని రూపొందించలేదు, కానీ దాని లబ్ధిదారు. అతని కష్టం నిజం, ఆ కష్టానికి ముందు జరిగిన తొలగింపు కూడా నిజం. రైతుకుటుంబపు దృష్టికోణం నుండి మాత్రమే నడిచే కథనంలో రెండోది తెరమరుగయ్యే ప్రమాదం ఉంది. వ్యాసారంభంలో పేర్కొన్న ‘వలస’ పదపు అర్థాలు ఇక్కడ ఒకదానితో ఒకటి తలపడతాయి.

7.2 నిర్బంధం:

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే, ఆస్ట్రియా-హంగేరీ పౌరులుగా వచ్చిన ఉక్రేనియన్లు చట్టం దృష్టిలో శత్రుదేశీయులయ్యారు. 1914-1920 మధ్య 24 నిర్బంధ శిబిరాలలో 8,579 మందిని ఉంచారు. వారిలో అధికులు ఉక్రేనియన్లు. అల్బెర్టాలోని బాన్ఫ్, జాస్పర్ పర్వత ఉద్యానాలలో వారిచేత పనిచేయించారు. దాదాపు 80,000 మంది అధికారుల ఎదుట నమోదై, ఎప్పటికప్పుడు హాజరు వేయించుకోవలసి వచ్చింది. 1902 మార్చి 31 తర్వాత పౌరసత్వం పొందిన శత్రుదేశీయుల ఓటుహక్కును 1917 చట్టం తొలగించింది. ఏ ప్రభుత్వం ఆహ్వానించిందో ఆ ప్రభుత్వమే అనుమానించింది. ఈ అన్యాయాన్ని గుర్తిస్తూ కెనడా పార్లమెంటు 2005లో చట్టం చేసింది.

ఈ సంఘటనలు ప్రదర్శనశాల కాలపరిధిలోనివే. అయినా రొట్టె కాల్చడం, చేను కోయడం చూపినంత సులువుగా భయాన్ని చూపలేం. నిర్బంధితుడు ఇంట్లో ఉండడు. ఇంటిని కేంద్రంగా చేసుకొన్న కథనంలో అతడు లేకపోవడం ద్వారానే కనిపించాలి. దైనందిన జీవితమంటే ప్రశాంత జీవితమన్న భ్రమ కలగకుండా జాగ్రత్తపడటం సజీవచరిత్ర పద్ధతికి పెద్ద పరీక్ష.

7.3 పేరు:

తొలితరం వలసదారులు తమను ‘రుసిన్లు’ అని పిలుచుకొనేవారు. కెనడా అధికారులు, పొరుగువారు గలీషియన్లని, రుథీనియన్లని అన్నారు. ‘ఉక్రేనియన్’ అన్న గుర్తింపు క్రమంగా, పత్రికలు, ప్రజామందిరాలు, యుద్ధకాల అనుభవాల ద్వారా స్థిరపడింది. నేటి పేరును నాటి మనుషులకు వెనుకకు ఆపాదించడం చరిత్రరచనలో సహజమే. ఇవాన్ పిలిపివ్ కుటుంబపు ఇల్లు ఈ ప్రదర్శనశాలలో ఉంది. అతని సహచరుడు ఎలెన్యాక్ 1947 జనవరిలో జరిగిన తొలి కెనడా పౌరసత్వ ప్రదాన సభలో ధ్రువపత్రం అందుకొన్నాడు. ఒకే జీవితకాలంలో ఆస్ట్రియా చక్రవర్తి ప్రజగా, గలీషియన్‌గా, కెనడా పౌరుడిగా మూడు గుర్తింపులు పొందిన వ్యక్తి అతడు.

8. తెలుగువారి వలసచరిత్రకు అన్వయం:

ఉక్రేనియన్ రైతులు కెనడాకు వెళ్ళిన కాలంలోనే తెలుగువారు కట్టుకూలీలుగా నాటాల్, మారిషస్, ఫిజీలకు, కూలీలుగా బర్మాకు వెళ్ళారు. 1860 నవంబరులో మద్రాసు నుండి డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడతో నాటాల్ వలస మొదలైంది. వెళ్ళిన సామ్రాజ్యం ఒక్కటే, దక్కినది వేరు. గలీషియా రైతుకు 160 ఎకరాలు ఇస్తే, తెలుగు కూలీకి ఏళ్ళ ఒప్పందం, తోటలో వరుసగదులు ఇచ్చింది. స్థిరమైన ఇల్లు కట్టుకొన్నవారి చరిత్ర ఇళ్ళరూపంలో మిగిలింది. వరుసగదులలో ఉన్నవారి జ్ఞాపకం ఎక్కువగా పాటలలో, పేర్లలో, ఆచారాలలో మిగిలింది. మారిషస్‌లో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచవారసత్వ స్థలమైంది. అది రాకను నమోదు చేసిన చోటు. వచ్చిన తర్వాతి బతుకును చూపడానికి వేరే ప్రయత్నం కావాలి.

దేశంలోపలి వలసల విషయం మరింత ఆలోచించదగినది. నిజాంసాగర్ ఆయకట్టుకు కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చారు. తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తర్వాత కర్ణాటకలోని ఆయకట్టు భూములకు వెళ్ళిన తెలుగు రైతుల ఊళ్ళు నేటికీ ‘క్యాంపు’లుగానే వ్యవహారంలో ఉన్నాయి. గుడారాలలో, పాకలలో మొదలైన ఆ ఊళ్ళు ఇప్పుడు మేడలతో నిండాయి. తొలినాళ్ళ పాక, వాడిన నాగలి, కన్నడ అధికారితో తెలుగు రైతు మాట్లాడిన మిశ్రమభాష, అప్పటికే అక్కడ ఉన్న స్థానికులతో ఏర్పడిన సంబంధాలు, వచ్చిన తగాదాలు నమోదు కావలసి ఉంది. ఆ తరంలో మిగిలినవారు వృద్ధాప్యంలో ఉన్నారు. అల్బెర్టా పరిశోధకులకు 1970లలో లభించినటువంటి చివరి అవకాశం మనకు ఇప్పుడు ఉంది.

దక్షిణాదిలో ఆరుబయలు ప్రదర్శనశాలలు లేకపోలేదు. చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో తెలుగుప్రాంతపు ఇళ్ళు ఉన్నాయి. హైదరాబాదు శిల్పారామంలో గ్రామీణ జీవిత ప్రదర్శన ఉంది. అయితే ఇవి ప్రధానంగా స్థిరపడిన పల్లెను, చేతివృత్తులను చూపుతాయి. కదిలిపోయిన మనిషిని కేంద్రంగా తీసుకొన్న ప్రయత్నం జరగవలసి ఉంది. దానికి భారీ నిర్మాణాలే అక్కరలేదు. ఒక క్యాంపులో మిగిలిన ఒక పాత ఇల్లు, దాని చరిత్రను వివరించే పది మౌఖిక కథనాలు, అక్కడి మాండలికంలో రికార్డుచేసిన మాటలు చాలు. తెలుగుశాఖలలో మౌఖికసాహిత్యాన్ని సేకరించే పరిశోధక విద్యార్థులు ఈ పనికి అన్ని విధాలా సమర్థులు.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఆరుబయలు ప్రదర్శనశాల లిఖిత ఆధారాలు తక్కువగా ఉన్న దైనందిన జీవితాన్ని, ముఖ్యంగా స్త్రీల శ్రమను, ఇల్లు, తోట, పొయ్యి వంటి భౌతిక సాక్ష్యాల ద్వారా చరిత్రలోకి తెచ్చింది.

2. అల్బెర్టా ‘గ్రామం’ ఒక కూర్పు. అది చెదిరిన స్థావరాలను దగ్గరచేసి చూపుతుంది. ఆ కూర్పు ఎలా జరిగిందో తెలిసి చూసినప్పుడే అది నమ్మదగిన చరిత్రపాఠం అవుతుంది.

3. ఉత్తమపురుష వ్యాఖ్యానం సన్నిహితత్వాన్ని ఇస్తుంది, కానీ పాత్ర జ్ఞానపరిధికి లోబడి ఉంటుంది. ఆదివాసుల భూమి, యుద్ధకాల నిర్బంధం వంటి అంశాలకు దానితోపాటు ప్రథమపురుష వ్యాఖ్యానం కూడా అవసరం.

4. వలసదారుడిని బాధితుడిగా మాత్రమే, లేదా విజేతగా మాత్రమే చూడటం అసంపూర్ణం. ‘వలస’ అన్న తెలుగు మాటలోని అర్థాలన్నిటినీ కలిపి చూడాలి.

5. ఈ ప్రదర్శనశాలకు ప్రాణం పోసినది కట్టడాలకన్నా సకాలంలో సేకరించిన జ్ఞాపకాలు. తుంగభద్ర, నిజాంసాగర్ ఆయకట్టు వలసల తొలితరం ఇంకా మాట్లాడగలిగిన ఈ రోజుల్లోనే ఆ జ్ఞాపకాలను సేకరించడం తెలుగు పరిశోధనరంగం ముందున్న తక్షణ కర్తవ్యం. ఇళ్ళను తర్వాతైనా కట్టుకోవచ్చు. వాటిలో వినిపించవలసిన మాటలను మాత్రం తర్వాత సేకరించలేం.